జయపురం నుంచి విశాఖకు: రెండు విమానాశ్రయాల మధ్య దూరం, ప్రయాణ సమయం సొంతంగా లెక్కగట్టుకోవడం ఎలా?

ఒడిశాలోని మా జయపురంలో విశాఖ ఎంత దూరమని ఎవర్నడిగినా కిలోమీటర్లు చెప్పరు, గంటలే చెబుతారు. ట్యాక్సీవాడు ఆరు గంటలంటాడు. రైలంటే ఒక పూటంతా పోతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చిన జయపురం మహారాజు విక్రమదేవ వర్మ కాలం నుంచీ ఈ రెండు ఊళ్ళకూ రాకపోకలున్నాయి. చదువుకి, కళ్ళ డాక్టరుకి, పెళ్ళి బట్టలకి కొరాపుట్ జిల్లా తెలుగువాళ్ళు ఘాటీ (కొండ దారి) దిగి విశాఖే వెళ్తారు. 2022 చివర్లో జయపురానికి చిన్న విమానం రావడం మొదలయ్యాక కొత్త ప్రశ్న పుట్టింది: విమానమైతే ఎంతసేపు?

ఈ ప్రశ్నకి ఇంటర్నెట్‌లో దొరికే జవాబు చూసి మోసపోయినవాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే ఈ లెక్క మనమే ఎలా వేసుకోవాలో మొదటి నుంచి చెబుతాను. ఉదాహరణకి జయపురం, విశాఖ తీసుకున్నా, పద్ధతి భువనేశ్వర్‌కైనా జగ్‌దల్‌పూర్‌కైనా పనికొస్తుంది.

ముందు ఊరు సరిగ్గా పట్టుకోండి

నవ్వుకోకండి. నా మొదటి తప్పు ఇక్కడే జరిగింది. దూరం చెప్పే ఒక సైటులో హడావిడిగా జైపూర్ అని కొట్టాను. 1,250 కిలోమీటర్ల పైన చూపించింది. అది రాజస్థాన్ జైపూర్ నుంచి విశాఖకి దూరం! మన ఊరి ఇంగ్లిష్ స్పెల్లింగు జె, ఇ, వై, పి, ఓ, ఆర్, ఇ. నోటితో పలికితే రెండూ ఒకటేలా ఉంటాయి. ఫోన్‌కి మాటతో చెప్పి వెతికించేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి.

దీనికి మందు ఒక్కటే. ఊరి పేరుతో కాకుండా మూడక్షరాల కోడుతో వెతకండి. జయపురం కోడు పి.వై.బి., రాజస్థాన్ జైపూర్‌ది జె.ఎ.ఐ., విశాఖది వి.టి.జెడ్., భువనేశ్వర్‌ది బి.బి.ఐ., జగ్‌దల్‌పూర్‌ది జె.జి.బి. టికెట్ మీద, బ్యాగుకి కట్టే చీటీ మీద ఉండేవి కూడా ఇవే అక్షరాలు. డబ్బు కట్టే ముందు ఒకసారి కోడు పైకి చదవండి.

విశాఖ విషయంలో ఇంకో మాట. భోగాపురం దగ్గర అల్లూరి సీతారామరాజు పేరుతో కొత్త విమానాశ్రయం కట్టారు. మీ టికెట్ పాత విమానాశ్రయానిదా భోగాపురానిదా చూసుకోకపోతే కింది లెక్కలన్నీ తారుమారవుతాయి. నేను ఇక్కడ వేసేవి విశాఖలోనే ఎన్.ఎ.డి. కూడలి దగ్గరున్న పాత విమానాశ్రయం లెక్కలు. ఘాటీ దిగి కారులో వచ్చేవాళ్ళకి భోగాపురమే నయం, విజయనగరం దాటాక విశాఖ ట్రాఫిక్‌లోకి పోనక్కర్లేదు.

తిన్నని గీత దూరం

సులువైన పద్ధతి ఫోన్‌లోనే ఉంది. గూగుల్ మ్యాప్స్‌లో జయపురం రన్‌వే మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే ఎర్ర పిన్ను పడుతుంది. కిందికి జరిపితే మెజర్ డిస్టెన్స్ అని కనిపిస్తుంది. అది నొక్కి, మ్యాప్‌ని విశాఖ రన్‌వే దాకా లాగండి. దూరం కింద కనిపిస్తుంది.

కానీ ఒక్కసారైనా చేత్తో వేసి చూడండి. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే తప్పు అంకెని చూడగానే పట్టేస్తారు. అదే పిన్ను కింద రెండు దశాంశ సంఖ్యలుంటాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. జయపురానికి అవి సుమారు 18.88, 82.55. విశాఖకి 17.72, 83.22.

అక్షాంశాల తేడా 1.16. ఒక డిగ్రీ అక్షాంశమంటే సుమారు 111 కిలోమీటర్లు కాబట్టి 1.16ని 111తో గుణిస్తే 128.8. ఉత్తర దక్షిణాలుగా మనం జరగాల్సింది అంత.

రేఖాంశాల తేడా 0.67. దీన్ని నేరుగా 111తో గుణిస్తే ఎక్కువొస్తుంది. రేఖాంశాలు భూమధ్యరేఖ దగ్గర ఎడంగా ఉండి, ధ్రువాల వైపు పోయేకొద్దీ నారింజ తొనల్లా దగ్గరవుతాయి. మన ప్రాంతంలో ఆ తగ్గుదలకి 0.95తో గుణిస్తే చాలు (అక్షాంశం 18 డిగ్రీలకి కొసైన్ విలువ అదే). 0.67 × 111 × 0.95 అంటే 70.7. తూర్పుకి జరగాల్సింది అంత.

ఇక ఎనిమిదో తరగతి లంబకోణ త్రిభుజమే. 128.8 వర్గం, 70.7 వర్గం కూడి వర్గమూలం తీస్తే 147 వస్తుంది. జయపురం, విశాఖ విమానాశ్రయాల మధ్య తిన్నని గీత దూరం సుమారు 147 కిలోమీటర్లు.

విమానాల వాళ్ళు నాటికల్ మైళ్ళలో మాట్లాడతారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, కాబట్టి ఇది 79 పైచిలుకు. కొన్ని సైట్లు మామూలు మైళ్ళు, నాటికల్ మైళ్ళు పక్కపక్కనే ఇస్తాయి. ఒకటనుకుని ఇంకొకటి చూసి కంగారు పడొద్దు.

ఇదే పద్ధతిలో నేను వేసుకున్నవి: జయపురం నుంచి భువనేశ్వర్ సుమారు 375 కిలోమీటర్లు, జయపురం నుంచి జగ్‌దల్‌పూర్ 58, విశాఖ నుంచి భువనేశ్వర్ 390. మన దగ్గరి ఊళ్ళకి ఈ చేతిలెక్క కిలోమీటరో రెండో అటూ ఇటూ అవుతుందంతే. వేల కిలోమీటర్ల దూరాలకి మాత్రం ఇది పనికిరాదు. భూమి గుండ్రంగా ఉంది కనుక హావర్‌సైన్ అనే సూత్రం కావాలి, ఆ పని సైట్లకి వదిలేయండి.

మ్యాప్ మీద ఈ గీత గీసినప్పుడు ఒక సరదా సంగతి కనిపించింది. అది అరకు లోయ మీదుగా పోతుంది. 1960లలో జపాన్ సహకారంతో, బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం కూడా అరకు మీదుగానే వెళ్తుంది. కాకపోతే రైలు కొండల చుట్టూ మెలికలు తిరిగి సొరంగాల్లో దూరుతూ పోతుంది. విమానానికి ఆ బాధ లేదు.

ఎగిరే సమయం: విమానం ఏదో తెలియకుండా లెక్క వేయొద్దు

చాలా సైట్లు దూరాన్ని గంటకి 800 కిలోమీటర్ల వేగంతో భాగించి సమయం చెప్పేస్తాయి. ఆ లెక్కన విశాఖ 11 నిమిషాలు! మా మావయ్య అది చూసి, “అయితే బోణీ బేరం అయ్యేలోపు వెళ్ళి వచ్చేయొచ్చన్నమాట” అన్నాడు.

800 పెద్ద జెట్ విమానాల వేగం. మన రన్‌వే మీద అవి దిగవు. జయపురానికి వచ్చింది 9 మంది ప్రయాణికుల సెస్నా గ్రాండ్ కారవాన్. ముక్కు మీద ఒకే ఒక్క ప్రొపెల్లర్, రెక్కలు నెత్తి మీద ఉంటాయి. దాని గరిష్ఠ వేగం గంటకి 340 కిలోమీటర్ల దగ్గర్లో ఉంటుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వేగం తక్కువ కాబట్టి సగటున 300 వేసుకోండి. 147ని 300తో భాగిస్తే అరగంట. అదే దారిలో రెండు ప్రొపెల్లర్ల ఏ.టి.ఆర్. విమానం తిరిగితే గంటకి 500 వేసుకోవచ్చు. కాబట్టి టికెట్ కొనేటప్పుడు ఏ రకం విమానమో చూడండి.

ఆ తర్వాత గాలి. విమానం వేగమంటే గాలిలో వేగం, నేల మీద వేగం కాదు. గంటకి 40 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే మన 300 కాస్తా 260 అవుతుంది. విశాఖకి 30 నిమిషాలు పట్టేది 34 అవుతుంది. భువనేశ్వర్‌కైతే 75 నిమిషాలది 86 దాటుతుంది. పెద్ద జెట్‌కి 40 కిలోమీటర్ల గాలి లెక్కలోది కాదు, చిన్న విమానానికి అది బాగా తెలుస్తుంది. అందుకే వెళ్ళేటప్పటి సమయం, వచ్చేటప్పటి సమయం ఒకటే ఉండాలని లేదు.

టికెట్ మీది సమయం వేరు

విశాఖ నుంచి హైదరాబాద్ తిన్నగా 510 కిలోమీటర్లు. జెట్ వేగంతో భాగిస్తే 38 నిమిషాలు. కానీ టికెట్ మీద గంటా పది, గంటా ఇరవై అని ఉంటుంది. మిగతా సమయం ఎక్కడ పోయింది?

టికెట్ సమయం విమానం నిలిపిన చోటు నుంచి కదిలినప్పుడు మొదలై, అవతల ఆగినప్పుడు ముగుస్తుంది. రన్‌వే దాకా నేల మీద పోవడం, వరసలో ఆగడం, పైకెక్కడం, దిగే ముందు చుట్టు తిరగడం అన్నీ అందులోనివే. ఆలస్యమైనా వేళకి చేరినట్టు ఉండాలని కాస్త సమయం కలిపి కూడా వేస్తారు.

మన చిన్న విమానానికి ఈ అదనం 15 నుంచి 20 నిమిషాలు వేసుకుంటే సరిపోతుంది. అంటే జయపురం నుంచి విశాఖ అరగంట కాదు, 45 నుంచి 50 నిమిషాలు.

విశాఖ వైపు అదనం కాస్త పెరగడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, అది నేవీ వాళ్ళ ఐ.ఎన్.ఎస్. డేగా స్థావరం. వాళ్ళ విమానాలూ మన విమానాలూ ఒకే రన్‌వే వాడుకోవాలి. రెండోది రన్‌వే దిక్కు. విశాఖ రన్‌వే అంకెలు 10, 28. వాటి చివర సున్నా చేర్చి చదివితే దిక్సూచి డిగ్రీలు, అంటే 100, 280. దాదాపు తూర్పు పడమరలన్నమాట. విమానం గాలికి ఎదురుగా దిగాలి. పడమటి గాలి వీస్తుంటే, మన వైపు నుంచి వచ్చే విమానం ఊరు దాటి సముద్రం మీదికి వెళ్ళి, వెనక్కి తిరిగి దిగాలి. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకి అది పండగ. ఐదారు నిమిషాలు మాత్రం అదనం.

ఇంటి గుమ్మం నుంచి ఆసుపత్రి గుమ్మం దాకా

అసలు లెక్క ఇదే. రెండు విమానాశ్రయాల మధ్య ఎంతసేపన్నది ఎవరికీ అక్కర్లేదు, ఎవరూ రన్‌వే మీద కాపురం ఉండరు కదా. మా అమ్మని చెకప్‌కి తీసుకెళ్ళాల్సి వచ్చినప్పుడు కాగితం మీద ఇలా రాసుకున్నాను. ఇంటి నుంచి జయపురం విమానాశ్రయానికి 15 నిమిషాలు. ముందుగా వెళ్ళి కూర్చోవడం 60. విమానం 50. దిగి, బ్యాగు తీసుకుని బయటపడటం 15. అక్కడి నుంచి కె.జి.హెచ్. ఆసుపత్రి వైపు ట్రాఫిక్‌లో 40. మొత్తం 180 నిమిషాలు, అంటే 3 గంటలు. ఇందులో గాల్లో ఉండేది అరగంటే!

రోడ్డు లెక్క కూడా అలాగే ముక్కలు చేయాలి. జయపురం నుంచి కొరాపుట్‌కి ఘాటీ ఎక్కడానికి 40 నిమిషాలు. కొరాపుట్ నుంచి సునాబెడ, సెమిలిగుడ, పొట్టంగి మీదుగా సుంకి దాకా గంటన్నర. సుంకి ఘాటీ దిగి సాలూరు చేరడానికి గంట. సాలూరు నుంచి రామభద్రపురం, గజపతినగరం మీదుగా విజయనగరం గంటన్నర. అక్కడి నుంచి విశాఖ విమానాశ్రయానికి గంటా ఇరవై. కూడితే 6 గంటలు. ఇందులో టీకి ఆగే సమయం లేదు. సాలూరులో ఆగకుండా వెళ్ళినవాళ్ళని నేను చూడలేదు, కనుక ఇంకో 20 నిమిషాలు మీరే వేసుకోండి.

ఈ దారి సుమారు 225 కిలోమీటర్లు. తిన్నని గీత 147. రోడ్డుని గీతతో భాగిస్తే ఒకటిన్నర వస్తుంది. బల్లపరుపు నేల మీద ఈ నిష్పత్తి 1.2, 1.3 దగ్గర ఆగుతుంది. ఘాటీలున్న చోట ఒకటిన్నర దాటడం మామూలే. కొత్త ఊరికి దారి తెలియనప్పుడు ఇది మంచి అంచనా. గీత దూరం తీసుకుని మైదానమైతే 1.25తో, కొండలైతే 1.5తో గుణించండి. ఘాటీలో సగటు వేగం గంటకి 35 నుంచి 40 కిలోమీటర్లకి మించి వేసుకోవద్దు.

జగ్‌దల్‌పూర్‌కి ఇదే పెట్టి చూడండి. గీత 58 అయితే రోడ్డు బొరిగుమ్మ, కొట్‌పాడ్ మీదుగా 80 దాటుతుంది. ఘాటీ లేదు, రెండు గంటల్లో చేరొచ్చు. జగ్‌దల్‌పూర్ నుంచి హైదరాబాద్‌కో రాయపూర్‌కో మీకు కావాల్సిన రోజు సర్వీసు ఉంటే, విశాఖ కన్నా అదే దగ్గర దారి. ఛత్తీస్‌గఢ్‌లో ఉందని మనవాళ్ళు దాన్ని లెక్కలోకే తీసుకోరు.

వాతావరణం, వారాలు

3 గంటలా 6 గంటలా అని అడిగితే ఎవరైనా 3 అంటారు. కానీ ఆ 3 అన్ని రోజులూ దొరకదు.

మొదటిది సర్వీసు ఉండే రోజులు. చిన్న రూట్లలో విమానం రోజూ ఉండకపోవచ్చు. సీజన్‌ని బట్టి టైమింగ్స్ మారతాయి, ఒక్కోసారి సర్వీసే ఆగిపోతుంది. మీరు చదువుతున్న నాటికి పరిస్థితి ఏమిటో బుకింగ్ సైటులో చూసుకున్నాకే మిగతా ప్లాన్ వేయండి. ఎల్లుండి విమానం కోసం రెండు రోజులు ఆగడం కన్నా ఇవాళ కారెక్కడమే తొందర.

రెండోది మబ్బు. జయపురం లాంటి చిన్న విమానాశ్రయాల్లో పైలట్ కంటితో నేలని, కొండల్ని చూసుకుంటూ దిగాలి. దానికి కనీసం 5 కిలోమీటర్ల దూరం వరకూ స్పష్టంగా కనిపించాలి. పైగా చుట్టూ తూర్పు కనుమలు. ఒడిశాలో ఎత్తైన శిఖరం దేవ్‌మాలి, 1,672 మీటర్లు, మన జిల్లాలోనే ఉంది. డిసెంబరు, జనవరి ఉదయాల్లో ఎదురింటి గేటు కనపడనంత మంచు పడుతుంది. జూలై, ఆగస్టులో మబ్బులు కొండల భుజాల మీద కూర్చుంటాయి. అప్పుడు ఆలస్యమైనా, రద్దయినా ఎవర్నీ తిట్టి లాభం లేదు. చలికాలంలో పొద్దెక్కాక ఉండే సర్వీసు ఎంచుకోండి. సాయంత్రం వెలుతురు పోతే కూడా ఇదే ఇబ్బంది, మన వైపు డిసెంబరులో ఐదున్నర ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. నాలుగుసార్లలో ఒకసారి విమానం రద్దవుతుందని ఊరికే అనుకుందాం. రద్దయిన రోజు రెండు గంటలు వృథా అయ్యాక కారెక్కుతారు, మొత్తం 8 గంటలు. మూడుసార్లు 3 గంటలు, ఒకసారి 8 గంటలు, సగటు నాలుగుంబావు. కారు 6 గంటల కన్నా ఇంకా నయమే. డాక్టరు రేపు చూసినా పర్వాలేదు, బట్టలు ఎల్లుండి కొన్నా పర్వాలేదు అన్నప్పుడు సగటు చూసుకుని విమానమెక్కండి.

విశాఖలో ఇంకో విమానం పట్టుకోవాలంటే సగటు చూడొద్దు

రెండోసారి నేను తప్పు చేసింది ఇక్కడ. ఆరోజు కారులోనే బయల్దేరాను. 6 గంటల లెక్క ఉంది, అరగంట ఎక్కువ పెట్టుకున్నాను, చాలనుకున్నాను. సుంకి దిగువన మలుపులో ఒక లారీ యాక్సిల్ విరిగి అడ్డంగా నిలబడిపోయింది. ముందు టెన్షన్ పడ్డాను. కాసేపటికి డ్రైవర్లంతా దిగి బీడీలు ముట్టించాక, ఇక ఇప్పట్లో కదలదని అర్థమైంది. గంటా నలభై నిమిషాలు పోయాయి. విశాఖ చేరేసరికి నా హైదరాబాద్ విమానం తలుపులు మూసేశారు. తప్పు లారీది కాదు, నా లెక్కది.

అలాంటి ప్రయాణానికి వెనక నుంచి లెక్క వేయండి. హైదరాబాద్ విమానం సాయంత్రం 6కి అనుకుందాం. కౌంటరు సాధారణంగా గంట ముందు, అంటే 5కి మూసేస్తారు. మీరు 4:15కి అక్కడ ఉండాలి. అందులోంచి 6 గంటలు తీసేస్తే ఉదయం 10:15. కారులో వెళ్ళేవాళ్ళు ఘాటీ కోసం ఇంకో రెండు గంటలు తీసేసి 8:15కే బయల్దేరాలి.

జయపురం విమానంలో వెళ్ళి అక్కడ మారదామనుకుంటే 10:15 అనేది కారెక్కాల్సిన ఆఖరి గడియ. దాన్ని కాగితం మీద పెద్దగా రాసుకోండి. ఆ టైముకి చిన్న విమానం వస్తుందో రాదో తేలకపోతే, ఇంకో పావుగంట చూద్దాం అనకుండా కారెక్కేయండి. ముందురోజే ట్యాక్సీవాడికి ఒక మాట చెప్పి ఉంచండి, రద్దయిన రోజున మిగతా ఎనిమిది మందీ అతనికే ఫోన్ చేస్తారు.

రెండు టికెట్లు విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమైనందుకు రెండో కంపెనీ బాధ్యత పడదు. బ్యాగు కూడా విశాఖలో మీరే తీసుకుని మళ్ళీ ఇవ్వాలి, దానికి ఇంకో అరగంట. చిన్న విమానంలో లగేజీ బరువు పరిమితి తక్కువగా ఉండొచ్చు, టికెట్ మీద ఎంతుందో చూసి సర్దుకోండి. బరువు అటూ ఇటూ సమంగా ఉండాలి కాబట్టి సిబ్బంది ఏ సీట్లో కూర్చోమంటే అందులో కూర్చోవాలి. మా అమ్మకి ముందు సీటిచ్చారు. పైలట్ తిప్పే మీటలన్నీ చూస్తూ కూర్చుంది, దిగాక, “ఇంతేనా? మన సుంకి ఘాటీలోనే ఎక్కువ ఊగుతాం” అంది.

తిరుగు ప్రయాణం

వచ్చేటప్పుడు ఇదే లెక్కని తిప్పి వేయండి, కానీ రెండు మార్పులతో. విశాఖ పెద్ద విమానాశ్రయం కాబట్టి లోపలికి వెళ్ళడానికి, తనిఖీకి ఎక్కువ సమయం పెట్టుకోండి, 60 నిమిషాల చోట 90. అలాగే కారులో అయితే సుంకి ఘాటీ ఈసారి ఎక్కాలి. లోడు లారీల వెనక పడితే దిగేటప్పుడు గంట పట్టిన చోట గంటన్నర పడుతుంది. చలికాలంలో మధ్యాహ్నం రెండింటికల్లా విశాఖ వదిలితే పొద్దు గూకే వేళకి సాలూరు దాటి ఘాటీ మొదట్లో ఉంటారు. మూడు దాటితే ఘాటీ అంతా చీకట్లోనే.